నయం కాదన్నాక మొదలయ్యే పని

‘ఇంకేం లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లండి’. ఆసుపత్రిలో ఈ మాట విన్న కుటుంబానికి దిక్కు తోచదు. సరిగ్గా అక్కడి నుంచే తమ పని మొదలవుతుందనే డాక్టర్లు, నర్సులు, వలంటీర్లు ఉన్నారు. వాళ్లు పనిచేసే చోటే హాస్పిస్. రోజూ మరణం దగ్గర మసిలే ఆ పనిలో తృప్తి ఎక్కడుంది? దాని వెనకున్న వైద్యం ఏమిటి? అది మన ఇంటికి ఎలా పనికొస్తుంది?

మీ అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసింది. మార్కులు బాగానే వచ్చాయి. ఏ కార్పొరేట్ ఆసుపత్రిలోనో చేరుతుందనో, జర్మన్ నేర్చుకుని విదేశాలకు వెళ్తుందనో మీరు లెక్కలు వేసుకుంటున్నారు. ఓ రాత్రి భోజనాల దగ్గర ‘నాన్నా, నేను హాస్పిస్‌లో చేరతాను’ అంది అనుకోండి. మీరేమంటారు?

‘పొద్దస్తమానం చావులు చూస్తూ ఎలా బతుకుతావమ్మా?’ అంటారు. నాయనమ్మ ‘అశుభం పలక్కే’ అని కసురుతుంది. సంబంధాలు చూసే వయసులో ఇదేం ఉద్యోగమని మేనత్త ఫోన్ చేస్తుంది. ఎవరినీ తప్పు పట్టలేం. వైద్యమంటే రోగం తగ్గించడమేనని మనందరి నమ్మకం. రోగం తగ్గదని ముందే తెలిసిన చోట నర్సుకు పనేముంటుందన్నది న్యాయమైన సందేహమే.

ఆ సందేహం తీరాలంటే ఆ అమ్మాయి వెంట ఒక ఇంటికి వెళ్లి రావాలి.

మీ వీధి చివరి ఇల్లు

మీ వీధి చివర ఓ రిటైర్డ్ మాస్టారు ఉన్నారనుకుందాం. దవడ క్యాన్సర్. ఆపరేషన్, రేడియేషన్, కీమో అన్నీ అయ్యాయి. జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఇక చికిత్స లేదని పెద్దాసుపత్రి పంపేసింది. చెంప మీద పుండు పడింది. దాని వాసనకు మనవడు గదిలోకి రావడం మానేశాడు. భార్య వరండాలో పడుకుంటోంది. ఆయన రాత్రంతా మూలుగుతూనే ఉంటారు. వాసన సంగతి ఆయనకూ తెలుసు. అందుకే ఎవరైనా పలకరించడానికొస్తే గోడవైపు తిరిగి పడుకుంటారు.

హాస్పిస్ బృందం వచ్చింది. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సామాజిక కార్యకర్త. డాక్టరు పరీక్ష చేసి నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాశారు. పుండును సెలైన్‌తో నెమ్మదిగా కడిగి, మెట్రోనిడజోల్ మాత్రల పొడి చల్లి కట్టు కట్టడం నర్సు చేసి చూపించింది. మాస్టారి భార్య చేత కూడా ఒకసారి చేయించింది. ఆ దుర్వాసనకు కారణం పుండులో పెరిగే కొన్ని రకాల బ్యాక్టీరియా. ఈ మందు వాటినే దెబ్బతీస్తుంది. ఖర్చు కూడా చాలా తక్కువ.

వారం తర్వాత బృందం మళ్లీ వెళ్లేసరికి వాసన బాగా తగ్గింది. మాస్టారు రాత్రి వరసగా ఐదు గంటలు నిద్రపోయారు. మనవడు మంచం పక్కన కూర్చుని ఎక్కాలు అప్పజెబుతున్నాడు. క్యాన్సర్ ఉన్నచోటే ఉంది. ఇల్లు మాత్రం మళ్లీ ఇల్లయింది.

ఇది ఊహించి చెప్పిన ఇల్లే. కానీ హాస్పిస్‌లో పనిచేసేవాళ్లకు ఇలాంటి ఇళ్లు కొత్త కాదు. వాళ్ల తృప్తి గురించి అడిగితే ముందుగా చెప్పేదీ ఇలాంటి మార్పుల గురించే. షుగర్‌కూ బీపీకీ మందులిచ్చే డాక్టరు ఫలితం కోసం నెలలు, ఏళ్లు ఆగాలి. ఇక్కడ పొద్దున ఇచ్చిన మందుకు సాయంత్రానికి మనిషి ముఖంలో తేడా కనిపిస్తుంది.

ముందు పేరు తెలుసుకుందాం

పాలియేటివ్ కేర్ అన్నా, ఉపశమన చికిత్స అన్నా ఒకటే. ప్రాణం మీదకొచ్చిన జబ్బుల్లో నొప్పి, ఆయాసం, వాంతులు, దిగులు లాంటి బాధలను తగ్గించే వైద్యమది. జబ్బు బయటపడిన రోజు నుంచే, మామూలు చికిత్సతో పాటు తీసుకోవచ్చు. ఇక నయం చేసే చికిత్స లేదన్నాక, చివరి నెలల్లో, వారాల్లో ఇచ్చే ఉపశమన సేవ హాస్పిస్. అది మంచాలున్న ఆసుపత్రి కావచ్చు, ఇంటికొచ్చే బృందమూ కావచ్చు. క్యాన్సర్‌కే పరిమితం కాదు. గుండె, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు పూర్తిగా దెబ్బతిన్నవారికీ, మతిమరుపు జబ్బు ముదిరినవారికీ ఇది అవసరమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 5.68 కోట్ల మందికి పాలియేటివ్ కేర్ కావాలి. అవసరమైనవారిలో దాదాపు 14 శాతానికే అది అందుతోంది. మిగతావాళ్లు నొప్పిని పళ్ల బిగువున భరిస్తున్నారన్నమాట.

‘హాస్పిస్‌కు వెళ్తే తొందరగా పోతారు’ అనే భయం చాలా ఇళ్లలో ఉంది. 2010లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో ఉన్నది ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు, 151 మంది. మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ అందినవారు మధ్యగతం లెక్కన 11.6 నెలలు జీవించారు. అందనివారు 8.9 నెలలు. ఒక జబ్బు మీద జరిగిన ఒక అధ్యయనాన్ని అన్నిటికీ వర్తింపజేయలేం. బాధ తగ్గిస్తే ఆయుష్షు తగ్గిపోతుందన్న భయానికి మాత్రం ఇది గట్టి సమాధానమే.

కిటికీ కోసం 500 పౌండ్లు

ఆధునిక హాస్పిస్‌కు పునాది వేసిన సిసిలీ సాండర్స్ ముందు నర్సు. నడుము నొప్పి వల్ల ఆ పని వదిలి ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తగా చేరారు. అక్కడే డేవిడ్ టాస్మా అనే యూదు శరణార్థి పరిచయమయ్యాడు. పోలండ్ నుంచి వచ్చి లండన్‌లో వెయిటర్‌గా పనిచేసేవాడు. క్యాన్సర్‌తో చివరి దశలో ఉన్నాడు. నా అన్నవాళ్లు దగ్గర లేరు. ఇలాంటివాళ్లకు ఎలాంటి చోటు ఉంటే బాగుంటుందని ఇద్దరూ మాట్లాడుకునేవారు. 1948లో అతను చనిపోతూ తన దగ్గరున్న 500 పౌండ్లు ఆమెకు వదిలివెళ్లాడు. ఆమె కట్టబోయే చోట తానో కిటికీగా ఉంటానన్నాడు.

సాండర్స్ ముప్పై ఏళ్లు దాటాక మళ్లీ మెడిసిన్ చదివి డాక్టరయ్యారు. లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ 1967లో తలుపులు తెరిచింది. కిటికీకి డబ్బులు ముట్టాక గోడలు లేవడానికి 19 ఏళ్లు పట్టింది. నొప్పి ఒంట్లోనే ఉండదని, మనసులో, కుటుంబంలో, డబ్బు ఇబ్బందుల్లో, ‘నాకే ఎందుకిలా’ అన్న ప్రశ్నలో కూడా ఉంటుందని ఆవిడ చెప్పారు. ‘సంపూర్ణ నొప్పి’ అన్న ఆ ఆలోచనే నేటికీ హాస్పిస్ పనికి ఆధారం.

మన దేశంలో మొదటి హాస్పిస్ 1986లో ముంబయిలో మొదలైన శాంతి ఆవేదన. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీని ప్రారంభించారు. కేరళలో ఇది ఆసుపత్రి గోడలు దాటి వీధుల్లోకి వచ్చింది. టీచర్లు, గృహిణులు, విద్యార్థులు శిక్షణ తీసుకుని వారానికి కొన్ని గంటలు రోగుల ఇళ్లకు వెళ్లడం అక్కడ అలవాటైంది. 2008లో ఆ రాష్ట్రం పాలియేటివ్ కేర్‌కు ప్రత్యేక విధానమే తెచ్చింది.

చేతిలో విద్య ఉంటే భయం తగ్గుతుంది

హాస్పిస్‌లో పనిచేసేవాళ్లది రాతి గుండె అనుకుంటే పొరపాటు. వాళ్లను నిలబెట్టేది విద్య. ఎదుటి మనిషి బాధపడుతుంటే ఏం చేయాలో తెలియకపోవడమే మనల్ని ఎక్కువగా కుంగదీస్తుంది. ఏం చేయాలో తెలిసినవాళ్లకు ఆ నిస్సహాయత చాలావరకు తగ్గుతుంది. కొన్ని సంగతులు మీరూ తెలుసుకోండి.

మార్ఫిన్: ‘అలవాటు పడిపోతారేమో’ అని చాలామంది జంకుతారు. తీవ్రమైన నొప్పికి డాక్టరు పర్యవేక్షణలో వాడినప్పుడు వ్యసనంగా మారడం అరుదు. నొప్పి వచ్చాక వేసుకునే మాత్ర కాదిది. నొప్పి రాకుండా గడియారం చూసి, సాధారణంగా నాలుగు గంటలకోసారి వేసుకోవాలి. దీంతో మలబద్ధకం దాదాపు తప్పదు కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా తోడు ఇస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని కఠిన నిబంధనల వల్ల ఈ మందు ఏళ్ల తరబడి రోగులకు అందకుండా పోయింది. 2014లో చట్టాన్ని సవరించి నిబంధనలు సడలించారు. ఇప్పుడు గుర్తింపు పొందిన వైద్య సంస్థల్లో దొరుకుతుంది.

తిండి: ‘రెండు ముద్దలు తింటే బలమొస్తుంది’ అని బతిమాలతాం. చివరి రోజుల్లో శరీరం తిండిని వాడుకోలేదు. తినకపోవడం వల్ల మనిషి పోవడం లేదు, పోయే దశకు చేరాడు కాబట్టి తినలేకపోతున్నాడు. బలవంతంగా పెడితే పొరబోవచ్చు. సెలైన్ ఎక్కిస్తే ఒళ్లు వాచి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం పెరగొచ్చు. ఆయన అడిగినప్పుడు చెంచాడు కాఫీయో, కొబ్బరి నీళ్లో ఇచ్చి, పెదాలూ నోరూ తడిగా ఉంచితే చాలు.

ఆయాసం: వెన్ను కింద దిండ్లు పెట్టి కూర్చోబెట్టడం, కిటికీ తెరవడం, ముఖానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టడం మంచి ఉపశమనాన్నిస్తాయి. అవసరమైతే డాక్టర్లు తక్కువ మోతాదులో మార్ఫిన్ ఇస్తారు.

గొంతులో గురగుర: చివరి గంటల్లో ఈ శబ్దం విని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. మింగలేని తేమ గొంతులో నిలిచిపోవడం వల్ల వచ్చేదది. అప్పటికి మగతలో ఉన్న మనిషికి దానివల్ల పెద్దగా బాధ ఉండదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గవచ్చు.

ఈ నాలుగు సంగతులూ నెమ్మదిగా చెప్పే మనిషి ఇంట్లో ఉంటే ఆ రాత్రి ఎలా గడుస్తుందో, ఎవరూ చెప్పకపోతే ఎలా గడుస్తుందో ఆలోచించండి. అర్ధరాత్రి అంబులెన్సు, ఐసీయూ, వెంటిలేటర్, లక్షల బిల్లు, అద్దం బయట నుంచి ఆఖరి చూపు... ఎంతోమంది మధ్యతరగతి కుటుంబాల అనుభవం ఇదే. దాన్ని ఒక ఇంటికి తప్పించగలగడం ఆ నర్సుకు దక్కే పెద్ద జీతం.

మాట కూడా మందే

మాస్టారి దగ్గరకు మళ్లీ వెళ్దాం. ‘ఆయనకేం తెలీదు తల్లీ, ఆ మాట ఆయన ముందు ఎత్తకు’ అని భార్య గుమ్మంలోనే నర్సు చేయి పట్టుకుంటుంది. లోపల మాస్టారు ‘నాకంతా తెలుసమ్మా. మా ఆవిడ తట్టుకోలేదని ఊరుకుంటున్నా’ అంటారు. ఒకే ఇంట్లో ఇద్దరు ఒకరి కోసం ఒకరు నాటకమాడుతూ, ఎవరి గదిలో వాళ్లు ఏడుస్తుంటారు.

ఇక్కడ నర్సు నిజాన్ని మొహం మీద చెప్పేయదు, అబద్ధమూ ఆడదు. ‘మాస్టారూ, మీ జబ్బు గురించి మీకేమనిపిస్తోంది? ఇంకా ఏమైనా తెలుసుకోవాలని ఉందా?’ అని అడిగి ఊరుకుంటుంది. ఆ తర్వాత వినడమే పని. మాట మొదలైతే ఎన్నో బయటికొస్తాయి. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో భార్యకు చెప్పాలి. పొలం గట్టు తగాదాలో పదేళ్లుగా మాటల్లేని తమ్ముణ్ని ఒక్కసారి చూడాలి. కబురు పంపితే తమ్ముడు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా రాకపోయినా, అడిగానన్న తృప్తి మాస్టారికి మిగులుతుంది.

మన తాతల కాలంలో ఇంటి పెద్దకు ఘడియలు దగ్గరపడితే అందరూ చుట్టూ చేరేవాళ్లు. నోట్లో తులసి తీర్థం పోసేవాళ్లు. అప్పజెప్పాల్సిన మాటలు అప్పజెప్పుకొనేవారు. నొప్పికి సరైన మందు మాత్రం ఉండేది కాదు. ఇవాళ మందుంది, చుట్టూ మనుషులే తగ్గారు. హాస్పిస్ ఈ రెండింటినీ ఒకచోట చేర్చాలని చూస్తుంది.

బరువు లేదనడం అబద్ధం

మీ అమ్మాయి నిర్ణయంలో కష్టం లేదని చెబితే మోసం చేసినట్టే. చాలాచోట్ల జీతాలు తక్కువ. చాలా హాస్పిస్‌లు విరాళాల మీద నడుస్తాయి. తన వయసు రోగి, చిన్నపిల్లలున్న తల్లి పోయిన రోజు నర్సుకు నిద్ర పట్టదు. కొందరి నొప్పి ఎంత ప్రయత్నించినా పూర్తిగా లొంగదు. కొన్ని కుటుంబాలు కోపాన్నంతా ఎదురుగా ఉన్న నర్సు మీదే చూపిస్తాయి.

సేవారంగంలో ఉన్నవాళ్ల మానసిక స్థితిని కొలవడానికి ‘ప్రొఫెషనల్ క్వాలిటీ ఆఫ్ లైఫ్’ అనే ప్రశ్నావళిని వాడతారు. అందులో రెండు వైపులా చూస్తారు. ఇతరుల బాధను మోయడం వల్ల వచ్చే అలసట ఒకవైపు, సాయపడటం వల్ల కలిగే తృప్తి మరోవైపు. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. అందుకే మంచి హాస్పిస్‌లలో ఎవరినీ ఒంటరిగా వదలరు. మరణం తర్వాత బృందమంతా కూర్చుని మాట్లాడుకుంటారు. ఏడుపొస్తే ఏడుస్తారు. వంతులవారీగా సెలవులు తీసుకుంటారు. మీ అమ్మాయి చేరాలనుకుంటే, జీతం కన్నా ముందు ఈ ఏర్పాటు ఉందో లేదో అడగమనండి.

ఇన్ని ఉన్నా ఏళ్ల తరబడి అందులోనే కొనసాగేవాళ్లున్నారు. వాళ్లు చెప్పే కారణాలు చాలావరకు కలుస్తాయి. రోగి పక్కన కూర్చునే తీరిక ఈ వైద్యంలో ఉంటుంది. డాక్టరు, ఆయా ఒకే బృందంగా పనిచేస్తారు. రోగి పోయిన తర్వాత కూడా కుటుంబాలు వెతుక్కుంటూ వచ్చి పలకరిస్తాయి. ఇంటికెళ్లాక భర్తతోనో, తోడికోడలితోనో పడే చిన్న చిన్న గొడవలు నిజంగానే చిన్నవిగా కనిపిస్తాయి.

మీరూ చేయి కలపొచ్చు

ఈ పనికి డాక్టరో నర్సో కానక్కర్లేదు. రోగికి పేపరు చదివి వినిపించడం, రాత్రంతా మేలుకున్న భార్యను రెండు గంటలు పడుకోనివ్వడం, మందులు తెచ్చిపెట్టడం, పిల్లల ఫీజుల సంగతి చూడటం... ఇవన్నీ వలంటీర్ల పనులే. ముందు చిన్న శిక్షణ ఇస్తారు. ఈమధ్యే సొంతవాళ్లను పోగొట్టుకున్నవారు మాత్రం కొన్నాళ్లు ఆగి మొదలుపెట్టడం మంచిది.

హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ చివరి దశ రోగులకు ఉచితంగా సేవలందిస్తోంది. తెలంగాణలో జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా ‘ఆలన’ పేరుతో ఇంటికెళ్లే బృందాలు పనిచేస్తున్నాయి. మీ జిల్లా ఆసుపత్రిలో ‘పాలియేటివ్ కేర్ ఉందా?’ అని అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే అది పెరుగుతుంది.

ఇంట్లో ఇప్పుడే అలాంటి రోగి ఉంటే...

* నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందో పూటపూటా అడిగి ఓ నోట్‌బుక్‌లో రాయండి. డాక్టరుకు అదే పెద్ద ఆధారం.
* మంచం మీదే ఉండేవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. మడమలు, నడుము కింది భాగం రోజూ చూడండి. చర్మం ఎర్రబడితే పుండుకు అదే తొలి గుర్తు.
* నోరు ఆరిపోకుండా తడి గుడ్డతో తుడవండి, పెదాలకు వాజ్‌లైన్ రాయండి.
* మగతలో ఉన్నా వినపడుతోందనుకునే మాట్లాడండి. ఆస్తి గొడవలు, శ్మశానం ఏర్పాట్లు మంచం దగ్గర మాట్లాడొద్దు.
* రాత్రి పరిస్థితి మారితే ఎవరికి ఫోన్ చేయాలో, ఐసీయూకు తీసుకెళ్లాలా వద్దా అన్నది ముందే డాక్టరుతో, వీలైతే రోగితో మాట్లాడి పెట్టుకోండి.
* చూసుకునేవాళ్లు వంతులు వేసుకోండి. భారమంతా ఒక్క కోడలి మీదో, ఒక్క కూతురి మీదో వేయకండి.

ఇక భోజనాల దగ్గరి ప్రశ్నకు వద్దాం. మాస్టారు పోయిన పదమూడు రోజులకు ఆయన భార్య మీ అమ్మాయికి ఫోన్ చేస్తుంది. ‘ఆఖరి రోజు కూడా నా చేయి పట్టుకుని మాట్లాడారమ్మా. నొప్పి అనలేదు’ అని చెప్పి పెట్టేస్తుంది. మీ అమ్మాయి కాసేపు అలాగే కూర్చుని, లేచి మర్నాటి కోసం బ్యాగులో దూది, కట్టుగుడ్డలు సర్దుకుంటుంది.

అప్పుడు ‘ఇదేం ఉద్యోగమమ్మా’ అని మీరు అడగకపోవచ్చు. ‘రేపు ఎవరింటికి?’ అని అడుగుతారేమో.